‘ఎన్నటికీ కాదు’ అని ఎట్ల చెప్తవ్?

సూరత్ నగరంలోని ఉధ్నా జంక్షన్‌లో రైలు దిగి పరిశ్రమల వాడ వైపు నడిస్తే మగ్గాల చప్పుడే ముందు పలకరిస్తుంది. లింబాయత్, డిండోలి దాకా పరుచుకున్న కాలనీల్లో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. పవర్‌లూమ్ ఖాతాల్లో (కార్ఖానాల్లో) 12 గంటల పాళీలు, పగలొకటి, రాత్రొకటి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీలతో పాటు తెలుగు మీడియం కూడా ఉందంటే మనవాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు. ఈ వాడ పేరు మోసే ఉధ్నా–మగ్దల్లా రోడ్డు మీదే వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఉంది. 1961లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎస్‌వీఎన్‌ఐటీ, ఇచ్ఛానాథ్ దగ్గర ఉంది. అక్కడ గణితంలో అయిదేళ్ల ఎమ్మెస్సీ చెబుతారు. మగ్గం నడిపినవాళ్ల పిల్లలు ఎమ్మెస్సీ లెక్కలు చదవడం ఇక్కడ వింతేమీ కాదు.

ఆ చదువులో పిల్లలు మొదట తడబడేది లీనియర్ ఆల్జీబ్రా దగ్గర. ఇంటర్‌లో మ్యాట్రిక్స్ అంటే గుణించడం, డిటర్మినెంట్ కట్టడం, విలోమం కనుక్కోవడం. విశ్వవిద్యాలయంలో అదే పేరుతో వచ్చే పుస్తకంలో అంకెలు అరుదు. ‘ఒక వెక్టర్ స్పేస్ తీసుకుందాం’ అని మొదలైన ప్రశ్న ‘అని నిరూపించండి’ అని ముగుస్తుంది. పన్నెండేళ్లు జవాబులు కట్టిన పిల్లలను ఒక్కసారిగా కారణాలు చెప్పమంటారు.

ఈ మార్పు అవసరమా? రెండు పక్షాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి విందాం. ఒకరు కంప్యూటర్ మీద జకార్డ్ డిజైన్లు వేసే మేనమామ. ఎదురుగా ఎమ్మెస్సీ మొదటి ఏడు చదువుతున్న మేనకోడలు. ఆమె చేతిలో హాఫ్‌మన్, కున్జె రాసిన లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం ఉంది. 1961లో తొలిసారి అచ్చైన ఆ పుస్తకం మన దేశంలో ఎన్నో తరాల విద్యార్థుల చేతుల్లో నలిగింది.

“బిడ్డా, మ్యాట్రిక్స్ నాకేం కొత్త కాదు” అని మామే మొదలుపెట్టాడు. “నా తెర మీద గడుల కాగితం ఉంటది. పడుగు పైకొస్తే నల్ల గడి, కిందికి పోతే తెల్ల గడి. నల్లది ఒకటి, తెల్లది సున్నా అనుకో. మ్యాట్రిక్స్ అంటే గదే గదా? రోజూ వేల గడులు నింపుత. ఇన్నేండ్లల్ల ఒక్క ప్రూఫ్ రాయలే. చీరెలు ఆగినయా?”

“ఆగలే మామా. కానీ నాలుగు ఫ్రేముల డాబీ మగ్గానికి ఒక డిజైన్ తెస్తే, చూసుడుతోనే ‘ఇది దీని మీద రాదు’ అంటవ్. ఎట్ల చెప్తవ్?”

“ఒక ఫ్రేముకు ఎక్కించిన పడుగు దారాలన్నీ కలిసే లేస్తయి, కలిసే దిగుతయి. డిజైన్ల వేరు వేరు తీర్ల కదిలే దారాలు అయిదు రకాలుంటే అయిదు ఫ్రేములు గావాలె. నాలుగిట్ల ఎట్ల ఇముడుతయి? గిది చెప్పనీకి ఎమ్మెస్సీ ఎందుకు?”

మామ చెప్పింది అక్షరాలా నిజం. ఏ పేకకు ఏ ఫ్రేము లేవాలో చెప్పే పెగ్ ప్లాన్‌ను ఒక మ్యాట్రిక్స్‌గా, దారం ఏ ఫ్రేములోంచి పోతుందో చెప్పే డ్రాఫ్ట్‌ను మరో మ్యాట్రిక్స్‌గా రాసి గుణిస్తే వచ్చేదే డిజైన్. డిజైన్‌లో ఎన్ని రకాల నిలువు వరుసలుంటే కనీసం అన్ని ఫ్రేములు కావాలి. సాదా నేతకు రెండు, నాలుగు దారాల ట్విల్‌కు నాలుగు, ఎనిమిది దారాల శాటిన్‌కు ఎనిమిది. రకాలు మరీ పెరిగితే డాబీ చాలదు, జకార్డ్ కావాలి. ఇవన్నీ పుస్తకం తెరవకుండానే మామకు తెలుసు.

“అయితే మామా, నువ్వు నాలుగు ఫ్రేముల మీద అన్ని తీర్ల కట్టి చూసి చెప్పలే. ఒక్కటి కూడా కట్టకముందే ‘ఎన్నటికీ కాదు’ అన్నవ్. నేను చదివేది గా మాట గురించే. చేసి చూసి ‘అయితది’ అని ఎవరైనా చెప్తరు. ‘ఎంతమంది ఎన్నిసార్లు చేసినా కాదు’ అని చెప్పాలంటే మాత్రం కారణం ఒక్కటే దిక్కు.”

“కారణం నాకూ తెలుసంటున్న గదా. అది మగ్గం నేర్పింది. పుస్తకం నేర్పేది ఇంకేముంది?”

ఆమె కాగితం తీసుకుని నాలుగు పేకలు, నాలుగు పడుగుల చిన్న డిజైన్ రాసింది. మొదటి పేక వరుసలో 1000, రెండో దాంట్లో 1110, మూడో దాంట్లో 0010, నాలుగో దాంట్లో 1011. మామ దాన్ని ఒక్క చూపులో గుర్తుపట్టాడు. “గిది డబుల్ క్లాత్. పైన ఒక పొర, కింద ఒక పొర, నడుమ కట్టు లేదు. మగ్గం దింపినంక రెండు బట్టలైతయి.”

“ఫ్లోట్ ఎంత? దారం కట్టు పడకుంట ఎన్ని దారాలు దాటుతది?”

“మూడు దారాలు దాటలే. సాఫ్ట్‌వేర్ కూడా తప్పు పట్టదు.”

“మరి ఈ వరుసలను కలగాపులగం చేసి, 96 గడుల పెద్ద డిజైన్ల దాచిపెడితే? విడిపోతదో లేదో తెర మీద చూసి చెప్తవా?”

“మీటరు నేసి చూస్త.”

ఇక్కడ కొంచెం ఆగి ఆ లెక్క చూడటం మంచిది. 1980లో గ్రూన్‌బామ్, షెఫర్డ్ అనే ఇద్దరు గణితవేత్తలు శాటిన్లు, ట్విల్లుల జ్యామితి మీద ఒక వ్యాసం అచ్చేశారు. గడుల కాగితం మీద రాసిన ఏ నేత అయినా ఒకే బట్టగా నిలుస్తుందా, పొరలుగా విడిపోతుందా అన్నది అందులోంచి పుట్టిన ప్రశ్న. అదే ఏడు క్లాఫమ్ అనే గణితవేత్త దానికి జవాబిచ్చాడు. పైపొరలో రెండు పేకలు, రెండు పడుగులు ఉన్నాయనుకోండి. పైపొర పడుగులు కిందిపొర పేకలన్నిటి మీదుగా పోవాలి కాబట్టి రెండు రెళ్ల నాలుగు ఒకట్లు అక్కడ తప్పవు. పైపొర పేకల మీదికి కిందిపొర పడుగు ఒక్కటి కూడా రాకూడదు. అంటే పైపొర పడుగుల్లోని ఒకట్ల మొత్తంలోంచి పైపొర పేకల్లోని ఒకట్ల మొత్తం తీసేస్తే సరిగ్గా నాలుగు మిగలాలి. మేనకోడలి డిజైన్‌లో 6 లోంచి 2 తీస్తే 4. బట్ట విడిపోయింది.

ఏ నేతలోనైనా, ఏ పడుగులను, ఏ పేకలను ఎంచుకున్నా ఈ తీసివేత ఫలితం ఆ ‘తప్పనిసరి’ సంఖ్యను మించదు. దానికి సమానమయ్యేది పొరలు విడిపోయినప్పుడే. కాబట్టి ఒకట్లు ఎక్కువగా ఉన్న పడుగులనూ, తక్కువగా ఉన్న పేకలనూ వరుసగా తీసుకుంటూ తీసివేతలు చేసి చూస్తే చాలు. ఎక్కడా సమానం కాకపోతే ఆ బట్ట విడిపోదు. 2/2 ట్విల్‌కు ఈ పరీక్ష పెడితే ఎక్కడా సమానం కాదు. అందుకే అది నిలుస్తుంది. నాలుగు గడులైనా నాలుగు వేలైనా నియమం ఒక్కటే, నూలు ఒక్క పోగు ఖర్చు కాదు. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది లీనియర్ ఆల్జీబ్రాకు పక్కింటి గణితం. అయితే సున్నాలు, ఒకట్ల మ్యాట్రిక్స్ గురించి ‘ఎప్పుడూ’, ‘ఎన్నడూ’ అనే మాటలు ఎలా సంపాదించాలో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

మామ కాగితాన్ని రెండుసార్లు చూశాడు. “మంచిగనే ఉంది. కానీ బిడ్డా, ఇది 1980ల తేలింది. అంతకు ముందు వేల ఏండ్ల నుంచి బట్ట నేస్తనే ఉన్నరు. ప్రూఫ్ లేక మగ్గం ఆగలే.”

అది గట్టి మాట. నిరూపణ పక్షం వాళ్లు దీన్ని తేలిగ్గా దాటేస్తారు, దాటకూడదు. పని ముందు, నిరూపణ తర్వాత అన్నది గణిత చరిత్రలో చాలా చోట్ల నిజం.

“ఇప్పుడైతే అన్నీ కంప్యూటరే చేస్తది” అని మామ ఇంకో వైపు నుంచి వచ్చాడు. “ఏఐ అంటున్నరు, అందుల ఉన్నయన్నీ మ్యాట్రిక్స్ గుణింతాలేనట. గుణించే పని దానిది. నువ్వు ప్రూఫ్ రాసుకుంట కూసుంటే నీ తోటి పిల్లలు కోడింగ్ నేర్చుకొని నౌకరీలల్ల చేరుతరు.”

మేనకోడలు మూడు వరుసలు రాసింది. ఒకటి, అర, మూడో వంతు. అర, మూడో వంతు, నాలుగో వంతు. మూడో వంతు, నాలుగో వంతు, అయిదో వంతు. హిల్బర్ట్ పేరుతో ప్రసిద్ధమైన మ్యాట్రిక్స్ ఇది. దీని డిటర్మినెంట్ సరిగ్గా 2160లో ఒకటో వంతు, అంటే సుమారు 0.000463. ఇప్పుడు మూడో వంతును 0.33 అని రెండు దశాంశాలకు కుదించి మళ్లీ కట్టమంది. మామ ఫోన్‌లో కట్టాడు. 0.000063 వచ్చింది. కుదించింది మూడో వంతులను మాత్రమే, జవాబు ఏడో వంతుకు పడిపోయింది.

“కంప్యూటర్ గింత మోటుగ కుదించదు గదా, పదిహేను పదహారు అంకెలు పెడ్తది” అన్నాడు మామ.

“నిజమే. మూడు వరుసలకు బదులు పదిహేను వరుసలు పెడితే గా పదహారు అంకెలు కూడా చాలవు. అప్పుడు తెర మీద కనిపించే చిన్న అంకె నిజంగ సున్నానా, కాదా? సున్నా అయితే విలోమం లేదు, కాకుంటే ఉంది. నడుమ రకం లేదు. ఈ తీరు మ్యాట్రిక్స్ ఎంత పెద్దదైనా డిటర్మినెంట్ సున్నా కాదని కాగితం మీద ప్రూఫ్ ఉంది. కంప్యూటర్‌ను నమ్మాల్నో, అనుమానించాల్నో చెప్పేది అదే.”

“సరే. మరి మీ పుస్తకంల ప్రతి పేజీల ‘ఒక ఫీల్డ్ మీద’, ‘ఒక ఫీల్డ్ మీద’ అని ఎందుకుంటది? అంకెలంటే అంకెలే గదా.”

దీనికి ఆమె దగ్గర చిన్న జవాబే ఉంది. 110, 101, 011 అనే మూడు వరుసల మ్యాట్రిక్స్‌కు మామూలు లెక్కలో డిటర్మినెంట్ మైనస్ 2, విలోమం ఉంది. ఒకటికి ఒకటి కలిపితే సున్నా అయ్యే రెండే అంకెల లెక్కలో అదే మ్యాట్రిక్స్‌కు డిటర్మినెంట్ సున్నా, విలోమం లేదు. అవే సున్నాలు, అవే ఒకట్లు. ఛాయ్ దుకాణంలో క్యూఆర్ కోడ్ కొంత చెరిగినా ఫోన్ చదవగలుగుతోందంటే ఒకటికి ఒకటి కలిపితే సున్నా అయ్యే అంకెల కుటుంబం మీద కట్టిన రీడ్–సాలమన్ కోడ్ వల్లే. ఏ అంకెల మీద, అంటే ఏ ఫీల్డ్ మీద, మాట్లాడుతున్నామో ముందే చెప్పకపోతే సిద్ధాంతం నిజమో అబద్ధమో కూడా తేలదు.

తర్వాత మాట కల్యంపూడి రాధాకృష్ణారావు గారి మీదికి మళ్లింది. సి.ఆర్. రావుగా ప్రపంచమంతా ఎరిగిన ఈ తెలుగువాడి గురించి నిదానంగానే చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ వాదంలో రెండు పక్షాలకూ సాక్షి ఆయనే. 1920 సెప్టెంబర్ 10న బళ్లారి జిల్లా హడగలిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎమ్మే పట్టా పుచ్చుకున్నారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

రెండు మూడేళ్లకే ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా, తర్వాతి కాలంలో ఆర్థికవేత్తగా పేరొందిన వి.ఎం. దాండేకర్ విద్యార్థిగా ఒక ప్రశ్న వేశాడు. నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనాల కచ్చితత్వానికి ఒక హద్దు ఉందని గణాంకవేత్త ఫిషర్ చెప్పాడు. చిన్న నమూనాకు అలాంటి హద్దు ఉందా? రావు ఆ రాత్రి కూర్చుని పని చేసి, మర్నాడు క్లాసులో జవాబు పెట్టారు. 1945లో అది అచ్చయింది. ఇవాళ దాన్ని క్రామర్–రావ్ అసమానత అంటారు. పక్షపాతం లేని ఏ అంచనా పద్ధతి అయినా, ఎవరు కనిపెట్టినా, ఇంతకంటే తక్కువ చెదురుతో పనిచేయడం అసాధ్యమని అది చెబుతుంది.

“చూసినవా మామా, గిది కూడా ‘ఎన్నటికీ కాదు’ అనే మాటే. రేపు పుట్టబోయే పద్ధతులకు కూడా వర్తిస్తది. దాని ప్రూఫ్‌కు వెన్నెముక కోషీ–ష్వార్జ్ అసమానత. అది మా లీనియర్ ఆల్జీబ్రాల ఇన్నర్ ప్రొడక్ట్ పాఠంల మొదటి సిద్ధాంతాల్లో ఒకటి. బాణాలుగా గీసే వెక్టర్ల మీద నేర్చుకున్నదాన్ని సంభావ్యతల మీద ఎట్ల వాడొచ్చు? రెండూ వెక్టర్ స్పేస్ నియమాలకు లోబడ్డయి కాబట్టే.”

మామ ఈసారి ఎదురు చెప్పలేదు. మేనకోడలు ఉత్సాహంగా రావు గారి మరో పని చెప్పబోయి, తన వాదానికి తానే గండి కొట్టుకుంది. జపాన్‌లో అణుబాంబు బాధితుల మీద రేడియేషన్ దీర్ఘకాలిక ప్రభావం తెలుసుకోవడానికి సేకరించిన వివరాలు విశ్లేషణ కోసం కలకత్తా సంస్థకు వచ్చాయి. లెక్క కట్టబోతే మ్యాట్రిక్స్‌కు విలోమం లేదు. పని ఆగకూడదు. రావు విలోమం లాంటిదొకటి తయారుచేసి లెక్క గట్టెక్కించారు. ఆ పద్ధతి 1955లో అచ్చయింది.

“అగో!” అన్నాడు మామ. “పని ముందు వచ్చింది. చెయ్యి ముందు పోయింది. ప్రూఫ్ ఎనుక నడిచింది. నేను మొదటినుంచి చెప్పేది గదే.”

“నడిచింది మామా, కానీ ఎక్కడిదాకా పోయిందో చూడు. విలోమం లేని మ్యాట్రిక్స్‌ను ఎ అనుకో. దానికి బదులు విలోమంలెక్క వాడే జి నుంచి మనకు కనీసం ఏం గావాలె? 1962ల రావు గారు తేల్చిండ్రు: ఎ, జి, ఎ వరుసగా గుణిస్తే మళ్ల ఎ రావాలె. గంతే చాలు. సమీకరణాలు విప్పనీకి మిగతా షరతులు అక్కర్లేదు.”

చేతితో సరిచూడగల ఉదాహరణ ఉంది. నాలుగు గడుల్లోనూ ఒకటే ఉన్న రెండు వరుసల మ్యాట్రిక్స్‌కు విలోమం లేదు. పై ఎడమ మూల ఒకటి, మిగతా మూడు సున్నాలు ఉన్న మ్యాట్రిక్స్‌ను దాని రెండు ప్రతుల మధ్య పెట్టి గుణిస్తే మళ్లీ మొదటిదే వస్తుంది. నాలుగు గడుల్లోనూ నాలుగో వంతు ఉన్నదాన్ని పెట్టినా అదే వస్తుంది. అంటే ఇలాంటి జి ఒక్కటే కాదు, ఎన్నో ఉన్నాయి. 1955లోనే ఇంగ్లండ్‌లో పెన్‌రోజ్ నాలుగు షరతులు పెట్టి ఒకే ఒక్క విలోమాన్ని నిలబెట్టాడు. రావు ఒక్క షరతు చాలన్నారు. ఏ షరతు తీసేస్తే పని నిలుస్తుంది, ఏది తీస్తే కూలుతుంది అన్న ప్రశ్న లెక్క కట్టేవాడికి తట్టదు, నిరూపించేవాడికే తడుతుంది. 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి ఆయన రాసిన సాధారణీకృత విలోమాల పుస్తకం ఆ ప్రశ్న పంటే. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, ఆ ఆగస్టులోనే 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇక మామ అసలు ఆయుధం బయటికి తీశాడు.

“రావు గారు రాత్రంత కూసొని సొంతంగ తేల్చిండ్రు. దండం పెడ్త. మీ క్లాసుల అట్ల చేస్తున్నరా? ‘సిద్ధాంతం పేర్కొని నిరూపించుము’ అని పరీక్షల వస్తది. ఏది వస్తదో ముందే తెలుసు. గైడ్ల ప్రూఫ్ బట్టీ పట్టి దింపుతరు. లెక్క బట్టీ కొడితే అంకెలు మార్చి ఇచ్చినా ఎంతో కొంత వస్తది. ప్రూఫ్ బట్టీ కొడితే ఏమొస్తది? పైగా లెక్కల పిల్లలు ముందుముందు రాసే జామ్, నెట్ పరీక్షలు గడులు నింపేటియే. ఒక్క ప్రూఫ్ రాయమనరు.”

ఈ మాట మీద మామదే గెలుపు. నిరూపణల చదువుకు మన దేశంలో జరుగుతున్న అన్యాయం ఇదే. జామ్‌లో, సీఎస్‌ఐఆర్ నెట్‌లో నిరూపణ రాసే ప్రశ్న లేదన్నది నిజం. చాలా విశ్వవిద్యాలయాల పరీక్షల్లో నిరూపణ జ్ఞాపకశక్తి పరీక్షగా మారిందన్నదీ నిజం. బట్టీ పట్టిన నిరూపణ వల్ల ఏ లాభమూ లేదు. పైగా అర్థమైందన్న భ్రమ మిగులుతుంది.

మేనకోడలు ఒప్పుకుంది. “అది తప్పే మామా. కానీ తప్పు ప్రూఫ్‌ది కాదు. కేలీ–హామిల్టన్ సిద్ధాంతం ఉంది. చదరపు మ్యాట్రిక్స్‌ను దాని సొంత లక్షణ సమీకరణంల పెడితే సున్నా వస్తది. కేలీ దాన్ని 1858ల చెప్పిండు. రెండు వరుసలకు కట్టి చూపిండు, మూడు వరుసలకూ సరిచూసిన అన్నడు. అన్నిటికీ నిరూపించే శ్రమ అక్కర్లేదనుకున్నడు.”

“అంటే అంతటోడు కూడా నా తీరే!”

“అవును. ఇరవై ఏండ్లకు 1878ల ఫ్రోబెనియస్ పూర్తి చేసిండు. ఇప్పుడు మా క్లాసుల చాలామంది రాసే ప్రూఫ్ చూడు. లాంబ్డాలోంచి మ్యాట్రిక్స్ ఎ తీసి డిటర్మినెంట్ కడితే వచ్చేదే లక్షణ సమీకరణం; అందుల లాంబ్డా ఉన్నచోట ఎ పెట్టు. ఎ లోంచి ఎ తీస్తే సున్నా. సున్నా మ్యాట్రిక్స్‌కు డిటర్మినెంట్ సున్నా. అయిపోయింది.”

“బాగనే ఉంది గదా?”

“ఒక్క మాట మార్చి చూడు. డిటర్మినెంట్‌కు బదులు వికర్ణం మీది గడుల మొత్తం, అంటే ట్రేస్ పెట్టు. వాదం అట్లనే నడుస్తది. సున్నా మ్యాట్రిక్స్‌కు ట్రేస్ కూడా సున్నానే. అంటే ట్రేస్‌తోని కట్టిన సమీకరణంల పెట్టినా సున్నా రావాలె. వికర్ణం మీద 1, 2 ఉన్న రెండు వరుసల మ్యాట్రిక్స్ తీసుకో, మిగతావి సున్నాలు. సమీకరణం: రెండు లాంబ్డాల లోంచి 3 తీసేయాలె. మ్యాట్రిక్స్ పెడితే వికర్ణం మీద మైనస్ 1, 1 వస్తయి. సున్నా కాదు. వాదం తప్పన్నట్టు.”

మామ ఫోన్ పక్కన పెట్టి, అదే లెక్క కాగితం మీద తాను చేసి చూసుకున్నాడు. సిద్ధాంతం నిజం, వాదం అబద్ధం. నిజమైన జవాబుకు తప్పుడు దారిలో చేరడం సాధ్యమేనని, ఆ దారి తప్పని పట్టుకోవడానికి పద్ధతి ఉందని చూపే ఇలాంటి పాఠం ఒక్కటి క్లాసులో జరిగితే, బట్టీ పట్టిన పది నిరూపణల కంటే ఎక్కువ. పరీక్షలో ‘నిరూపించుము’కు బదులు ‘ఈ నిరూపణలో తప్పెక్కడుంది?’ అని అడిగితే గైడ్లు ఏం చేయలేవు.

“సరే, ప్రూఫ్ ఉండనీ” అని మామ సగం దిగాడు. “కానీ ముందే ఎందుకు? మొదటి రోజే ఎనిమిది నియమాలు చెప్పి, ఇదే వెక్టర్ స్పేస్ అంటే పిల్లలు పారిపోరా? గా నియమాలు పెట్టినాయన కూడా మొదటి రోజే పెట్టలే గదా?”

నిజంగానే పెట్టలేదు. హెర్మన్ గ్రాస్‌మన్ జర్మనీలో బడిపంతులు. 1844లో ఆయన ఈ భావాలన్నీ ఒక పుస్తకంగా వేస్తే చదివినవాళ్లే కరువయ్యారు. విసిగి సంస్కృతం వైపు మళ్లి ఋగ్వేదానికి నిఘంటువు తయారుచేశాడు, అనువాదం చేశాడు; ఆయనకు బతికుండగా గౌరవం తెచ్చింది ఎక్కువగా ఆ పనే. వెక్టర్ స్పేస్ నియమాలను ఇవాళ్టి రూపానికి దగ్గరగా పేర్చింది పెయానో, 1888లో. అప్పుడు కూడా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సమాకలన సమీకరణాలు, క్వాంటమ్ భౌతికశాస్త్రం వచ్చి అనంత పరిమాణాల అవసరం పడ్డాకే ఆ నియమాలు ప్రతి క్లాసుకూ చేరాయి. అంత ఆలస్యంగా లోకానికి అర్థమైనదాన్ని పద్దెనిమిదేళ్ల పిల్లలకు మొదటి గంటలో చెప్పి, రెండో గంటలో సిద్ధాంతం రాయమనడం న్యాయం కాదు. మామ మాటను ఈ మేరకు ఒప్పుకోవాల్సిందే.

దారులు లేకపోలేదు. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ దశాబ్దాల పాటు ఉదాహరణలతో, నిలువు వరుసల బొమ్మలతో మొదలుపెట్టి చెప్పాడు. ఆ పాఠాల వీడియోలు ఉచితం. షెల్డన్ ఆక్స్‌లర్ డిటర్మినెంట్‌ను పుస్తకం చివరికి నెట్టేసి, నిరూపణలన్నీ సూటిగా నడిపించాడు. మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్. కుమరేశన్ జ్యామితి వైపు నుంచి ఒక పుస్తకం రాశారు. పిల్లల చేతనే ఆలోచింపజేసి నిరూపణలు రాబట్టే ఎంటీటీఎస్ వేసవి శిక్షణకు 1993లో ఆద్యుడు కూడా ఆయనే. స్టాటిస్టిక్స్ చదివేవాళ్లకు ఎ. రామచంద్రరావు, పి. భీమశంకరం రాసిన పుస్తకం ఉంది. ర్యాంక్, సాధారణీకృత విలోమం అందులో నిండుగా దొరుకుతాయి.

“ముందు నాలుగు గడుల లెక్క చెయ్యి, తర్వాత ఎందుకని అడుగు” అన్నాడు మామ. “నాకు గా వరుస అయితే సమ్మతం.”

“వరుస నీదే పెట్టు మామా. కానీ ‘ఎందుకు’ దగ్గర ఆపొద్దు. ఒక షరతు తీసేస్తే ఏమైతదో కూడా అడగనియ్యి.”

వాళ్లిద్దరి మధ్య మిగిలిన తేడా నిరూపణ ఎప్పుడు మొదలవ్వాలన్నదే. అక్కర్లేదన్న మాట మామ మళ్లీ ఎత్తలేదు. ఈ రచయిత అభిప్రాయంలో మొదటి సెమిస్టర్ మామ చెప్పినట్టు సాగాలి, రెండోది మేనకోడలు అడిగినట్టు సాగాలి. రెండో సెమిస్టర్‌ను కోచింగ్ కోసం కోసేసే ఏ ఏర్పాటూ పిల్లలకు మేలు చేయదు. ఉధ్నాలోనైనా, సిరిసిల్లలోనైనా, భివండీలోనైనా డిగ్రీ లెక్కలు చదువుతున్నవాళ్లకు ఒక విన్నపం: ఈ వారం పాఠంలో వచ్చిన ఒక్క సిద్ధాంతం తీసుకుని, అందులోని ఒక షరతు కొట్టేసి, అప్పుడు అది అబద్ధమయ్యే ఉదాహరణ సొంతంగా రాయండి. పుస్తకం కొనే స్తోమత లేదని ఆగనక్కరలేదు. ఆక్స్‌లర్ పుస్తకం నాలుగో కూర్పును రచయిత తన వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాడు. ఫోన్‌లోనే దించుకుని చదువుకోవచ్చు.